దీపాల వేళకి తుడిచిన పలకలు

మొన్న మా తమ్ముడు మార్కాపురంలో వంటిల్లు మార్చి కట్టిస్తున్నాడంటే చూసొద్దామని వెళ్ళాను. చూసొద్దామని వెళ్ళినవాళ్ళని మా ఇంట్లో ఎన్నడూ ఊరికే కూర్చోనివ్వలేదు, ఇప్పుడూ అంతే. మా తమ్ముడి కూతురు మౌనిక నిచ్చెనెక్కి అటక మీది సామాను దించుతోంది. నేను చెప్పులు విడిచీ విడవకముందే, "అత్తా, నువ్వు కిందుండి అందుకో" అంది. అందుకున్నాను. తుప్పు పట్టిన జంతికల గొట్టం, అంచు పగిలిన జాడీలు, మా అమ్మ ఎవరికీ ఇవ్వకుండా దాచిన ఇత్తడి బిందె ఒకటొకటే దిగాయి. అన్నిటికన్నా అడుగున, పాత పంచె ముక్కలో చుట్టిన పలక ఒకటి. మౌనిక గుడ్డ విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని మీద ఏం లేదత్తా, ఉత్త పలక. పారేద్దామా?" అంది. చట్రానికి పైన మేకుకి తగిలించే తీగ ఉంది. ఒక మూల కుంకుమ బొట్టు ఆనవాలు ఉంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పలక మీద ఏం లేకపోవడం వెనక ఎంత కథ ఉందో ఆ పిల్లకేం తెలుసు? పైగా అది నా మొదటి ఉద్యోగం ఊడిన కథ. ఉద్యోగం ఊడిన సంగతి తలుచుకుని ఇంత సంతోషపడే మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనేమో.

మాది పలకల ఇల్లు. మా ఊళ్ళో ఆ మాటంటే ఇంకేం చెప్పనక్కర్లేదు. మా తాత క్వారీలో రాయి చీల్చేవాడు. మా నాయన షెడ్డులో చెక్క చట్రాలు బిగించేవాడు. మా అవ్వ, అమ్మ, పిన్నమ్మ ముగ్గురూ అదే షెడ్డులో, తయారైన పలకల్ని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పెట్టెలకెత్తేవాళ్ళు. ఇంట్లో పలక ముక్క పనికిరాని చోటు లేదు. పచ్చడి జాడీల మీద మూతలు పలక ముక్కలే. కోళ్ళ గూటికి అడ్డం పెట్టేది పలకే. కాళ్ళు కడుక్కునే చోట పరిచినవి, పాలచట్టి మీద బోర్లించింది, తాత మంచం కుంటుతుంటే కోడు కింద ఎత్తుకి పెట్టింది, అన్నీ అవే. మా ఇంటి వాసనేదంటే నాకు ఇప్పటికీ తడిసిన పలక వాసనే గుర్తొస్తుంది. దాని వెనకాలే పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, నాయన చొక్కాకి అంటుకున్న చెక్కపొట్టు వాసన. ఇక బలపాలు తినని మనిషి ఆ ఇంట్లో లేదు. మా పిన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు కొంగున కట్టుకుని మరీ తినేది. "బూడిదరంగు పిల్లోడు పుడతాడే" అని అవ్వ తిట్టేది. తిడుతూనే తన నోట్లోని వక్క పక్కకు తోసి, తనూ ఒక బలపం ముక్క కొరికేది.

తాత మాటలు తక్కువ మనిషి. రాయి దిమ్మెను ముందు పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, ఉలితో చిన్నగా తట్టి, ఎక్కడ చీలుతుందో వినేవాడు. అట్లా వింటున్నప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. అవ్వ అన్నం మూట తీసుకుని క్వారీకి వెళ్ళి, ఆయన తలెత్తేదాకా గట్టు మీద కూర్చునేది. "పనిలో ఉన్నోణ్ణి మధ్యలో లేపగూడదు" అనేది, నిద్రపోయే మనిషి గురించి చెప్పినట్టు. ఎడమచేతి బొటనవేలి గోరు సగమే ఉండేది తాతకి. చిన్నప్పుడు నేను ఆ వేలు పట్టుకునే నిద్రపోయేదాన్నట. నేను ఇంటర్‌లో ఉండగా ఆయన పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఫొటో తీయించుకోమంటే, "నా మొగం మీకు తెలీదా ఏంది?" అనేవాడు.

అవ్వకు ఒక నియమం ఉండేది. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఏ పలక మీదా రాత ఉండకూడదు. కొంగు తడిపి, వరసగా అందరి పలకలూ తుడిచేసేది. "అక్షరం రాత్రంతా పలక మీదనే పండుకుంటే తెల్లారినాక ఆడనే ఉంటది, తలకాయలోకి యాడొస్తది? తుడిస్తేనే అది లోపలికి పోతది" అనేది. దాంతో మా ఇంట్లో ఇంటిపని చేసి బడికి తీసుకెళ్ళిన పిల్లలు లేరు. త్రిపురాంతకం నుంచి సెలవులకొచ్చిన మా మేనత్త కొడుకు కష్టపడి పదిహేనో ఎక్కం రాసుకుని పెట్టుకుంటే అదీ తుడిచేసింది. వాడు నేలబడి ఏడ్చాడు. బళ్ళో పంతుళ్ళకు కూడా మా సంగతి అలవాటైపోయింది. "అవ్వ తుడిచేసిందా? సరే, నోటితో చెప్పు" అనేవాళ్ళు. నోటితో చెప్పక తప్పదు గనక అన్నీ కంఠతా వచ్చేవి. అట్లా అవ్వ మాట నిజమైపోయేది. ఇక దాన్ని కాదనే మొనగాడెవడు?

ఇంటర్ పరీక్షలు అయిపోగానే నాయన, "సోమవారం నుంచి పాపను కూడా షెడ్డుకి తీసకపోండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆడపిల్ల అంటే మా వీధిలో షెడ్డే. కానీ అవ్వ రొట్టె తట్టడం ఆపి, రెండు చేతులూ చాపి నాయన ముందు పెట్టింది. నీళ్ళలో నాని నాని ఆ వేళ్ళ సందులు తెల్లగా పాచిపోయి ఉండేవి. "ఈ చేతులు చూసినావా? ఇవి నాతో సరి, నా కోడళ్ళతో సరి. ఈ పిల్ల పలకలు తుడిచేదానికి వీల్లేదు" అంది.

"తుడవకపోతే ఏం చేస్తదిమా? కలెక్టరు కుర్చీ ఏమన్నా ఖాళీగా ఉందా?"

"ఖాళీ ఏదో నేను చూస్తాలే. నువ్వు తిను."

చూసింది కూడా. మద్రాసులో ఏళ్ళ తరబడి ఉండి తిరిగొచ్చిన విశ్వనాథం గారని ఒకాయన బజారులో వాళ్ళ నాన్నగారి పాత పలకల ఆఫీసు మేడగదికి సున్నం వేయించి, గోడలకి బొమ్మలు తగిలించి, బయట "చిత్రశాల" అని బోర్డు పెట్టారు. అవ్వ ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి వెళ్ళి, "సారూ, మా పిల్ల పన్నెండు చదివింది. దాని చేతులు మంచియి. పని ఇయ్యి" అని అడిగిందట. ఆయన నవ్వి రమ్మన్నారు. తలుపులు తీయడం, ఊడవడం, బొమ్మల అద్దాలు తుడవడం, వచ్చినవాళ్ళకు చెప్పడం, ఇదే పని. నాయన మాత్రం ఒక మాట మీద ఒప్పుకున్నాడు. ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సరే, ఇది పోయిందంటే మళ్ళీ మాట్లాడకుండా షెడ్డుకి రావాలి. అవ్వ నా తరఫున తలూపింది. నేను తలూపే పని కూడా నాకు మిగల్చలేదు.

ఆ గది అంటే నాకు ప్రాణం. కింద బజారంతా ధూళి, బస్సుల రొద. పైన ఫ్యాను చప్పుడు, గోడల నిండా రంగులు. బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళకన్నా ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. పామూరు నుంచి సంతపని మీద వచ్చిన ఒక పెద్దాయన సముద్రం బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఎన్ని నీళ్ళు!" అని నిట్టూర్చి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం విశ్వనాథం గారు భోజనానికి వెళ్తే, నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పలక మీద బలపంతో ఆ బొమ్మలు చూసి గీసేదాన్ని. తర్వాత్తర్వాత చూడకుండా గీసేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్ళగానే అవ్వ ఆ పలక కూడా అందుకుని, మసక చీకట్లో చూసీ చూడకుండా తుడిచేసేది. నేను పట్టించుకునేదాన్ని కాదు. పొద్దున్నే అదే బొమ్మ ఇంకొంచెం బాగా వచ్చేది. బొమ్మలు గీయడం ఒక చదువని, దానికి పరీక్షలూ ఉద్యోగాలూ ఉంటాయని నాకు గానీ మా ఇంట్లోవాళ్ళకు గానీ తెలియదు. ఆ గదిలో ఉంటే చాలని మాత్రం తెలుసు.

అప్పుడే గిద్దలూరు నుంచి శివయ్య మాస్టారు వచ్చారు. అక్కడి బడిలో డ్రాయింగు మాస్టారు ఆయన. పలకల మీద బలపంతోనే బొమ్మలు గీసేవారు. నల్లమల కొండలు, గొర్రెల మంద, బస్టాండులో నిద్రపోయే ముసలాయన, రాళ్ళ గుట్ట మీద కూర్చుని గాజులు సర్దుకునే కూలామె. విశ్వనాథం గారు పొంగిపోయి, "మార్కాపురం పలక మీద మార్కాపురం మనుషులు! ఇంతకన్నా ఏం కావాలి?" అని ఒక గోడంతా వాటికే ఇచ్చేశారు. ప్రారంభించడానికి ఒంగోలు నుంచి పెద్దమనిషిని పిలిచారు. చెరిగిపోకుండా పైన వార్నిష్ పూద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. బలపం గీత మెరిస్తే దాని ప్రాణం పోయినట్టేనట. గడ్డి చుట్టి, గోనెసంచుల్లో పెట్టి, బస్సు మీద వేసి పంపారు. కంభం దగ్గర గతుకులో ఒక పలక పగిలింది. గోడ మీద ఒక మేకు ఖాళీగా మిగిలింది.

విశ్వనాథం గారు ఆ ఖాళీ కేసి చూసి, "పన్ను ఊడిన నోరులా ఉందమ్మా. ఏదో ఒకటి తగిలించు" అని వెళ్ళిపోయారు. ఏదో ఒకటి అంటే ఏది? నా దగ్గర ఉన్నది నా పలకే. దాని మీద ఏం గీయాలో ఆలోచించలేదు, చెయ్యి తనంతట తనే వెళ్ళింది. రాయి మీద వంగిన తాత చేతులు. మొహం గీయలేదు. చెవి అంచు కొంచెం, ఉలి, సగం గోరున్న బొటనవేలు. చట్రానికి తీగ కట్టి, కిటికీ పక్క మేకుకి తగిలించాను. దూరం నుంచి చూస్తే మిగతావాటిలో కలిసిపోయింది. నాకది చాలా గర్వంగా ఉండింది, ఎవరికీ చెప్పలేదు.

ప్రారంభానికి ముందురోజు సాయంత్రం అవ్వ వచ్చింది. "రేపు పెద్దోళ్ళొస్తారు, ఆడ నేనెందుకు? ఈ పొద్దే చూసిపోతా" అని ఉతికిన చీర కట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కింది. నేను మంచినీళ్ళిచ్చి కుర్చీ వేశాను. ఎదుటి గోడకి అద్దాల చట్రాల్లో ఉన్న రంగు బొమ్మలన్నీ తలెత్తి చూసి, "బాగుండయ్ పాపా, దేవుడి పటాల్లెక్క ఉండయ్" అంది. ఇంతలో కింద పూలకొట్టు ఆయన దండలు సిద్ధమయ్యాయని కేకేశాడు. నేను దిగాను. దండ తీసుకుని, ఒక మూల పూలు తక్కువయ్యాయని పోట్లాడి, ఇంకొంచెం కట్టించుకుని పైకి వచ్చేసరికి వీధిలో లైట్లు వెలుగుతున్నాయి. గది నిండా మా ఇంటి వాసన. తడిసిన పలక వాసన.

అవ్వ కొంగు చివర నడుముకి చెక్కుకుంది, చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. గోడ మీద పలకలన్నీ నల్లగా, శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కొండలు లేవు, గొర్రెలు లేవు, గాజుల కూలామె లేదు. నేను పెట్టిన కేకకి కింద పూలకొట్టు ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏందే, అట్ల అరుస్తావు?" అంది అవ్వ. "దీపాల వేళయింది గదా. ఎవురి పిల్లోళ్ళో అన్నిటి మీదా గీతలు గీసి పెట్టిపోయినారు. రేపు పెద్దోళ్ళొస్తే నువ్వు మాట పడతావని తుడిచినా."

"అవి బొమ్మలవ్వా! బొమ్మలు!"

"బొమ్మలు ఆ గోడకుండయ్ గదే, అద్దాల్లో. ఇయ్యి పలకలు."

అద్దంలో ఉన్నది బొమ్మ, పలక మీద ఉన్నది పాఠం. మా ఇంట్లో ఎవరైనా అట్లాగే అనుకునేవాళ్ళు. నెలల తరబడి ఆ గదిలో పనిచేయకపోతే నేనూ తుడిచేదాన్నేమో. గోడ వెంబడి ఒక్కొక్క పలకే చూసుకుంటూ కిటికీ దాకా నడిచాను. అప్పుడు చూశాను. చివరి పలక మీద తాత చేతులు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మరి దీన్నెందుకు వదిలినావు?" అన్నాను.

అవ్వ దగ్గరికొచ్చి, ఆ పలక కేసి చూడకుండా కిటికీలోంచి వీధి కేసి చూస్తూ, "మీ తాత పనిలో ఉన్నాడు. మధ్యలో లేపగూడదు" అంది. ఎవరు గీశారని అడగలేదు. అడగాల్సినంత సందేహం ఆమెకు లేదు.

విశ్వనాథం గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. నేను నోరు తెరవకముందే అవ్వ, "నేనే తుడిచినా సారూ, మా పిల్ల కాదు" అంది, మెచ్చుకోవాల్సిన మనిషి ఎవరో ఆయనకి తెలియాలన్నట్టు. ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు తల పట్టుకున్నారు. పెద్దావిడని ఏమీ అనలేకపోయారు. మంచి మనిషే, కానీ ఆ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి గదా. "రేపు పొద్దున తాళాలు ఇచ్చేసి వెళ్ళమ్మా" అన్నారు నాతో. తుడిచింది అవ్వ, ఊడింది నా ఉద్యోగం.

దారిలో అవ్వ, "ఏమన్నాడు పాపా?" అని అడిగింది. ఉన్నమాట చెప్పాను. అవ్వ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంటూ నడిచింది. ఆ చేతులే నన్ను షెడ్డు నుంచి తప్పించాయి, ఆ చేతులే తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాయి. అది ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఇంటికెళ్ళాక నాయన సంగతి విని, తిడతాడనుకుంటే, గోడకి చేరబడి నవ్వడం మొదలుపెట్టాడు. "గోడంతా తుడిచినావా? గోడంతానా?" అని అడిగి మళ్ళీ నవ్వాడు. అమ్మ నవ్వింది, పిన్నమ్మ నవ్వింది, ఏడుద్దామని కూర్చున్న నేను కూడా నవ్వాను. అవ్వ మాత్రం కంచం ముందు కూర్చుని, "ఆ గిద్దలూరు అయ్యవారు ఎప్పుడొస్తాడు?" అని అడిగింది.

పొద్దున తాళాలు ఇవ్వడానికి నేను బయల్దేరితే ఆమె నా వెంట వచ్చింది. నెత్తిన గంపలో షెడ్డు నుంచి అడిగి తెచ్చిన కొత్త పలకలు, దోసెడు బలపాలు. మేం వెళ్ళేసరికి శివయ్య మాస్టారు గది మధ్యలో నిలబడి ఉన్నారు. పక్కన విశ్వనాథం గారు, చావు ఇంట్లో మనిషిలా. అవ్వ గంప దించి, "నాయనా, నీ రాత తుడిచింది నేను. కావాలని కాదు. మళ్ళా గీయి, నేను పలక పట్టుకుంటా. ఈ పిల్లను మాత్రం పనిలో నుంచి తీసేయొద్దని సారుకి చెప్పు" అంది.

మాస్టారు ఆమెను చూశారు, గంపను చూశారు, తడి ఆరిన గోడను చూశారు. ముందు మీసం కదిలింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి కిటికీ మీది పిట్టలు లేచిపోయినాయి. "పలక మీద గీసేటోడు తడిగుడ్డకు భయపడితే ఎట్లమ్మా? మా ఇంట్లోనూ ఒక అవ్వ ఉండేది" అన్నారు. చొక్కా చేతులు పైకి మడిచి, నేల మీద బాసింపట్టు వేసుకుని గీయడం మొదలుపెట్టారు. అవ్వ నిజంగానే ఎదురుగా కూర్చుని పలకలు పట్టుకుంది. బజారులో వాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కారు. పూలకొట్టు ఆయన, టీ అంగడాయన, బస్సు తప్పిపోయిన వాళ్ళు. "నన్ను గీయి సారూ", "నా ఎద్దును గీయి" అని గోల. ఒంగోలు పెద్దమనిషి వచ్చేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. ఆయన రిబ్బను కత్తిరించడం మానేసి ఆ గుంపులోనే కూర్చుని, తన బొమ్మ కూడా గీయించుకున్నాడు. ఆ గదికి అంతమంది అంతకు ముందెప్పుడూ రాలేదు.

సందడి తగ్గాక మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి ఆగారు. "ఇది నాది కాదే. ఎవరు గీసినారు?" అన్నారు. నేను తల వంచుకున్నాను. అవ్వ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. మాస్టారు ఇంకేం పొగడలేదు. "లోయర్ పరీక్ష రాసినావా?" అని అడిగారు. డ్రాయింగుకి లోయరనీ హయ్యరనీ పరీక్షలుంటాయని, అవి రాసి, ట్రైనింగు అయితే బళ్ళో ఉద్యోగం ఇస్తారని నాకు ఆ నిమిషానే తెలిసింది. నా ఉద్యోగం మాత్రం విశ్వనాథం గారు తిరిగి ఇవ్వలేదు. "నువ్వుంటే మీ అవ్వ వస్తుంది. మీ అవ్వ వస్తే సాయంత్రం అవుతుంది. నా గుండె తట్టుకోలేదమ్మా" అన్నారు. కానీ మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి, ఆ పలక నా చేతికిచ్చి, "జాగ్రత్త" అన్నారు.

మాట ప్రకారం నేను షెడ్డుకి వెళ్ళాను. నాయన మాట నాయనది. షెడ్డు అనగానే జాలిపడేవాళ్ళుంటారు గానీ, నిజం చెబుతున్నాను, ఆ కాలంలో నేను నవ్వినంతగా మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. పొద్దంతా తడిగుడ్డ పట్టుకుని పలకలు తుడవడం, అన్నాల వేళ ఆ పలకల మీదే అక్కలకీ అత్తలకీ వాళ్ళ బొమ్మలు గీసివ్వడం. "నా మొగుడికి కొంచెం జుట్టు ఎక్కువ పెట్టవే" అని ఒకామె, "మా అత్త నోరు మూసి గీయి, ఒక్కసారన్నా చూస్తా" అని ఇంకొకామె. పని మళ్ళీ మొదలవగానే అవ్వ వరసగా అన్నీ తుడిచేసి పెట్టెలకెత్తించేది. మా బొమ్మల మీద రాసుకున్న పిల్లలు ఏ ఏ ఊళ్ళలో ఉన్నారో! సెలవుల్లో మాస్టారు గిద్దలూరు నుంచి వచ్చి పాఠం చెప్పేవారు. అవ్వ పక్కనే కూర్చుని వక్క కత్తిరిస్తూ, "ఆ గీత వంకరపోయింది" అని ఆయన్ని కూడా దిద్దేది. సగంసార్లు గీత సరిగానే ఉండేది. మాస్టారు ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

తాత చేతుల పలకను మాత్రం అవ్వ దీపం గూటి పక్కన తగిలించింది. చట్రానికి బొట్టు పెట్టింది. రోజూ దీపాల వేళ ఇంట్లో పలకలన్నీ తుడిచి, దాని ముందు ఒక్క క్షణం ఆగి, తడి కొంగు పిండుకుని వెళ్ళిపోయేది. మా ఇంట్లో రాత్రంతా రాత నిలిచిన పలక అదొక్కటే. ఎవరూ ఎందుకని అడగలేదు. తాత పనిలో ఉన్నాడు, అంతే.

పరీక్షలు రాశాను, ఒకటి తప్పి మళ్ళీ రాశాను, ట్రైనింగు అయింది. గిద్దలూరు బడిలోనే, మాస్టారు రిటైరైన చోటే నాకు ఉద్యోగమొచ్చిందని తెలిసిన రోజు ఇల్లంతా బెల్లం పాకం వాసన. సాయంత్రమైంది. అవ్వ దీపం వెలిగించబోతూ ఆగి, కొంగు తడుపుకుంది. నేను చూస్తుండగానే గూటి పక్క పలక దించి ఒళ్ళో పెట్టుకుంది. "అవ్వా, అది తాత..." అన్నాను.

"తెలుసులే. ఎంతసేపని చేస్తాడు పని?" అంది, ఆ సగం గోరు మీద తడి కొంగు మెల్లగా ఆనిస్తూ. "నీకు పని దొరికె గదా. ఇంక ఆయన్ను చేతులు కడుక్కోనీ."

ఏ మూలా వదలకుండా, తొందరపడకుండా తుడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. నల్లగా నిగనిగలాడే పలక నా ముందుకి తోసి, "ఇంకోటి గీయి. ఈసారి నన్ను గీయి. ఎప్పుడూ మీ తాతనేనా?" అంది. ఏడుస్తూనే నవ్వుతూ గీశాను. పలక ఎత్తి దీపానికి దగ్గరగా పట్టుకుని చూసుకుంది. "ముక్కు లావుగా గీసినావు" అని, ఎవరూ అడ్డుపడేలోగా అది కూడా తుడిచేసింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఆ పలక మీద ఆమెను గీస్తూనే ఉన్నాను. ఎప్పుడూ ముక్కు దగ్గరే తేడా వచ్చేది. ఒక్క బొమ్మా మిగలలేదు. ఆఖరుసారి తుడిచి, తాత పంచె ముక్కలో చుట్టి అటక మీద పెట్టించింది కూడా ఆమే.

ఇదంతా చెప్పేసరికి మౌనిక సామాను సంగతి మర్చిపోయి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు మా వీధిలో పలకల షెడ్లు తక్కువ. అదే రాయిని ఇళ్ళకు పరిచే బండలుగా కోస్తున్నారు. చిత్రశాల మేడగదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. దాని గురించి దిగులుపడే స్వభావం నాది కాదు. మౌనిక చేతులు మెత్తగా ఉన్నాయి, మా అవ్వ కోరుకున్నది అదే. అయితే ఈ పిల్ల ఫోనులో ఏదీ చెరగదు. వేలకొద్దీ ఫొటోలు, నిరుడు తిన్న దోసె కూడా ఉంది. మొన్నటి పెళ్ళిలో ఎవరేం చీర కట్టారంటే మాత్రం ఫోను తీసి వెతుక్కుంటుంది. అవ్వ ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

నా సంచిలో ఎప్పుడూ బలపం ఉంటుంది. గీయడానికని చెబుతాను గానీ నమలడానికే. పలక ఒళ్ళో పెట్టుకుని గీశాను. కొంగు నడుముకి చెక్కి, చేతిలో చెంబు, తడిచేత్తో పలక మీదికి వంగిన అవ్వ. మౌనిక నా భుజం మీదుగా వంగి చూస్తోంది. "అచ్చం నాన్న ముక్కే అత్తా! సూపర్! దీనికి అద్దం కట్టించి కొత్త హాల్లో పెట్టుకుందాం" అంది. నేనూ దూరంగా పట్టుకుని చూశాను. బయట మేస్త్రీలు పనిముట్లు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మౌనిక లేచి లైటు వేసింది.

నేను కొంగు చివర పక్కనున్న నీళ్ళ బిందెలో ముంచి పలక తుడిచేశాను.

"అయ్యో! అత్తా!" అని అది పెట్టిన కేకకి బయట మేస్త్రీలు లోపలికి తొంగిచూశారు. ఆ కేక నాకు బాగా తెలుసు. ఆ మేడగదిలో నేను పెట్టింది అదే. తడి పలక గోడకి ఆనించి పెట్టాను. ఇల్లంతా మా ఇంటి వాసన వచ్చింది.

"అంత బాగా వచ్చింది గదా! ఎందుకు తుడిచినావు?" అని అడిగింది మౌనిక, ఏడుపు గొంతుతో.

"ముక్కు కుదిరిందే" అన్నాను. "ఇన్నాళ్ళకి తలకెక్కింది."